గ్యాప్ ఇయర్‌లో ఎన్‌పీటెల్: పనికొస్తుంది, అసైన్‌మెంట్లు వదలకపోతే
డిగ్రీ మధ్యలో ఏడాది ఆగేవాళ్లు చదువుతో టచ్‌లో ఉండటానికి ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) మంచి దారి. పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. జనవరిలో, జులైలో కొత్త విడతలు మొదలవుతాయి. 12 వారాల కోర్సుకు సాధారణంగా 3 క్రెడిట్లు.

అసలు మెలిక అసైన్‌మెంట్లలోనే. గడువు దాటితే తీసుకోరు. పన్నెండు వారాల అసైన్‌మెంట్లలో మెరుగైన 8 లెక్కలోకొస్తాయి కాబట్టి ఒకటీ అరా పోయినా ఫర్వాలేదు. వీటికి 25, పరీక్షకు 75 మార్కులు; వీటిలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. పరీక్షలో 70 తెచ్చుకున్నా, అసైన్‌మెంట్లలో 9 దగ్గర ఆగితే సర్టిఫికెట్ లేనట్టే! పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌కు వెళ్లాలి.

క్రెడిట్లు వాటంతటవే డిగ్రీలో కలవవు. చేరకముందే కోర్సు పేరు చూపించి కాలేజీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ల్యాబ్ సబ్జెక్టులకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.