ఒడ్డా చరిత్ర వెతకడానికి డిజిటల్‌ఆర్కివెట్ ఎంతవరకు పనికొస్తుంది?

నార్వే జాతీయ అభిలేఖాగారం పాత జనగణనల్నీ చర్చి రిజిస్టర్లనీ ఉచితంగా చూపించే వెబ్‌సైటు ఇది. ఖాతా అక్కర్లేదు, ఇంగ్లీషులోనూ తెరుచుకుంటుంది. ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం)లో చరిత్ర చదివేవాళ్లు, విశాఖలో మింది, మల్కాపురం వైపు ఫ్యాక్టరీల మధ్య పెరిగినవాళ్లు మొదట ఒడ్డాతో మొదలుపెడితే బాగుంటుంది. అది నార్వేలోని హార్డాంగెర్ ప్రాంతంలో ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) కొసన, కొండల నడుమ ఉన్న ఊరు. పక్కనున్న టిస్సెడాల్ జలవిద్యుత్తు అండతో 1908లో అక్కడ కార్బైడ్ ఫ్యాక్టరీ మొదలైంది. 1929లో జింకు కర్మాగారం వచ్చింది.

1910 జనగణన తెరిచి ఒడ్డా మునిసిపాలిటీ కోసం చూస్తే కనిపించదు. అప్పటికది పుట్టలేదు. 1913 జూలై 1న ఉల్లెన్స్‌వాంగ్‌ను మూడుగా విడదీసినప్పుడు ఒడ్డా, కిన్సార్విక్ వేరుపడ్డాయి. అందుకే 1910కి ఉల్లెన్స్‌వాంగ్‌లో, 1920కి ఒడ్డాలో వెతకాలి. పక్క మునిసిపాలిటీ రోల్డాల్ 1964లో ఒడ్డాలో కలిసింది కాబట్టి 1920లో దాని లెక్క వేరు. 2020 జనవరి 1న ఒడ్డా, యోన్‌డాల్ రెండూ మళ్లీ ఉల్లెన్స్‌వాంగ్‌లో చేరాయి. పేరు పాతదే అయినా హద్దులు మాత్రం అప్పటివి కావు. మన దగ్గరా అంతే: 2022 ఏప్రిల్‌కు ముందు నర్సీపట్నం కాగితాలు విశాఖ జిల్లా పేరుతోనే ఉంటాయి. నార్వేలో ఒడ్డా ఉన్న జిల్లా పేరు కూడా మారింది. 1918 దాకా సోండ్రె బెర్గెన్‌హూస్, తర్వాత హోర్డాలాండ్, 2020 నుంచి వెస్ట్‌లాండ్. ఈ మార్పుల పట్టిక ఒకటి రాసుకుని పక్కన పెట్టుకోండి. వెతికే పేజీలోనే ఇది కనిపించకపోవడం ఈ సైటుకున్న పెద్ద లోటు.

1910 నమోదులు మాత్రం ముచ్చటగా ఉంటాయి. పేరు, ఇంట్లో వరస, వృత్తి, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, అన్నీ ఒకే వరుసలో. వాటితోపాటు ఒక చిన్న గుర్తు ఉంటుంది: ‘బి’ అంటే అక్కడే కాపురం, ‘ఎంటీ’ అంటే తాత్కాలికంగా ఉన్నవాడు, ‘ఎఫ్’ అంటే ఆ రోజు ఊళ్లో లేనివాడు. డ్యాము, సొరంగాల పనికి దూరం నుంచి వచ్చిన కూలీ పని చోట ‘ఎంటీ’గా, సొంతూళ్లో ‘ఎఫ్’గా రెండుసార్లు పడతాడు. ఈ గుర్తు చూడకుండా తలలు లెక్కపెడితే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఊరి జనాభా కావాలంటే ‘బి’, ‘ఎఫ్’ కలపాలి. ఆ రోజు ఊళ్లో నిజంగా ఉన్నవాళ్లు కావాలంటే ‘బి’, ‘ఎంటీ’ కలపాలి.

పేర్ల స్పెల్లింగు ఒక్కో రికార్డులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి పూర్తి పేరు కొట్టొద్దు. మొదటి నాలుగక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెట్టండి. ఇంగ్లీషు o మీద అడ్డగీత ఉన్న అక్షరం (ø) కావాలంటే ఫోన్‌లో o నొక్కి పట్టుకుంటే వస్తుంది. పాత చర్చి రిజిస్టర్లు గోతిక్ అనే పాతకాలపు చేతిరాతలో ఉంటాయి, వాటికి ఓపిక కావాలి, ఫోన్ తెర చాలదు.

జనగణన వివరాలు వందేళ్లు గోప్యం. కాబట్టి జింకు కర్మాగారం వచ్చాక ఊరు ఎలా మారిందో ఇంటింటి పేర్లతో చూడాలంటే 1930 లెక్కల కోసం 2030 డిసెంబరు దాకా ఆగాల్సిందే.