రేణిగుంట రోడ్డులో గ్రానైట్ కొనుగోలు: రాయి మేలు, కోత కీడు

మా వంటగట్టుకు కుప్పం గ్రీన్ అనే గ్రానైట్ రాయిని తిరుపతి-రేణిగుంట రోడ్డులోని ఒక దుకాణంలో తీసుకున్నాము. రాయికి వంక పెట్టలేము. 18 మిల్లీమీటర్ల మందం అంచు పొడవునా సమంగా ఉంది, పసుపు ఒలికినా వెంటనే తుడిస్తే మరక నిలవడం లేదు. పలక మీద నీళ్లు చల్లి ఆరనిచ్చి మరీ చూపించారు. సన్నని పగులు ఉంటే అది చివరిదాకా తడిగీతగా మిగులుతుంది కనుక కొనేవారు ఇది తప్పక అడగాలి. 18 శాతం జీఎస్టీతో పక్కా బిల్లు ఇచ్చారు.

నా అసంతృప్తి అంతా సింకు కోత దగ్గరే. ఫ్యాక్టరీలో బ్లేడు మీద నీళ్లు ధారగా పడతాయి. మా ఇంట్లో మాత్రం దుకాణం పంపిన కుర్రవాడు ముక్కుకు తువ్వాలు చుట్టుకొని, చేతిమిషనుతో పొడిగానే కోశాడు. పని ముగిసేసరికి అతని కనుబొమలూ కిటికీ ఊచలూ ఒకే తెలుపులో ఉన్నాయి. ఆ పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్ నయమయ్యే జబ్బు కాదు, తువ్వాలు దానిని ఆపదు.

ఈ రాయి మీద ఎవరికి ఏం దక్కుతుందో చూస్తే ఆ కుర్రవాడి వాటా మరీ చిన్నది. తవ్విన రాయికి క్వారీదారు కట్టే సీనరేజి అనే రుసుము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. 2015 గనుల చట్టసవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి గనుల ప్రభావం ఉన్న ఊళ్లను ఉద్దేశించినది, తిరుపతిలో రాయి కోసేవాడి దాకా అది రాదు. దిమ్మెలుగానే చెన్నై రేవు దాటి చైనాకు వెళ్లే రాయికైతే కోత, పాలిష్ ఆదాయం కూడా అక్కడిదే, ఇక్కడి పల్లెకు గుంతా వ్యర్థపు గుట్టా మిగులుతాయి. పైగా తవ్వినంతకాలమే కూలి: 2001లో కర్ణాటకలోని కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు మా కుప్పం పక్కనున్న గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల పని కూడా ఆగిపోయింది. అందుకే పలకలు ఇక్కడే కోసే దుకాణాలవైపే నా మొగ్గు. అయితే కూలితోపాటు దుమ్ము కూడా ఇక్కడే ఉండిపోతుంది గదా, దాని బాధ్యత దుకాణం తీసుకోవాలి.

కోరితే ఫ్యాక్టరీలోనే కోసి పంపుతామని యజమాని అన్నారు. అడగకుండానే ఎందుకు పంపరన్నదానికి జవాబు రాలేదు.

రాయికి ఐదుకు నాలుగున్నర, బిల్లుకు ఐదు, బిగింపుకు రెండు. సింకును ముందే కొని, కొలత కాగితం దుకాణానికి ఇచ్చి, కోత నీళ్లతో ఫ్యాక్టరీలోనే జరగాలని ఆర్డరు చీటీ మీద రాయించుకోండి.