సోనీ ఏ9 త్రీ: ఆట ఫొటోలే బతుకుతెరువైన వాళ్లకి
పత్రికకో ఏజెన్సీకో ఆట ఫొటోలు తీసేవాళ్లయితే ఈ కెమెరా కొనండి, సరదాకైతే వద్దు, లెన్స్ లేకుండా బాడీ ఒక్కటే లక్షల్లో ఉంటుంది. ఇందులోది గ్లోబల్ షట్టర్, అంటే సెన్సర్ (ఫొటోని పట్టే చిప్) మొత్తాన్నీ ఒకేసారి చదువుతుంది కాబట్టి ఊపులో ఉన్న బ్యాట్ వంగినట్టు రాదు, బౌండరీ దగ్గరి ఎల్ఈడీ బోర్డుల మీద చారల బెడద బాగా తగ్గుతుంది, పైగా చప్పుడే లేకుండా తీయొచ్చు, బ్యాడ్మింటన్ సర్వీస్ టైమ్‌లో కూడా టెన్షన్ ఉండదు. సెకనుకి 120 ఫ్రేములు! ప్రీ-క్యాప్చర్ పెట్టి బటన్ సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కడానికి సెకను ముందు నుంచి దాచిపెడుతుంది, బెయిల్స్ లేచాక నొక్కినా ఆ ఫ్రేము దొరుకుతుంది. (ఇదీ ఒక నైపుణ్యమేనా అని సీనియర్లు వెక్కిరిస్తారు, వెక్కిరించనీయండి.)

అసలు పని ఆ తర్వాతే. ఓవర్ మధ్యలో డెస్క్ నుంచి ఫోన్, ఫొటో ఏదీ అని, మనమేమో వందల ఫ్రేముల్లో ఒక్కదాని కోసం వెతుకుతుంటాం. అందుకే నేను సెకనుకి 30 ఫ్రేముల దగ్గరే పెట్టుకుంటాను. లాన్ పోర్టు (వైరు నెట్ పెట్టుకునే చోటు) ఉండటం మాత్రం పెద్ద ఊరట, స్టేడియం నిండితే మొబైల్ నెట్‌ని నమ్మలేం. మామూలుగా కనీస ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 250. ఇండోర్ కబడ్డీకైతే ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చే ఎఫ్2.8 లెన్స్ కూడా లెక్కేసుకునే షాపుకి వెళ్లండి.