సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఉండేవాళ్ళకి ఏ యాప్ పనికొస్తుంది?

పేరెంటింగ్ యాప్‌లు తయారుచేసేవాళ్ళ లెక్కలో కుటుంబం అంటే అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంటి లెక్క వేరు. మా అమ్మాయి రుషికొండ ఐటీ హిల్ మీద పనిచేస్తుంది, ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. అల్లుడు మర్చంట్ నేవీ, షిప్పెక్కితే నెలల తరబడి కనిపించడు. మనవడు ఆరో తరగతి, మనవరాలు ఒకటో తరగతి. నాలుగింటికి వాళ్ళు బస్సు దిగే వేళకి ఇంట్లో ఉండేది నేనూ, మావారూ. కాబట్టి నేను చూసేది ఒక్కటే: ఆ వేళప్పుడు, కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటున్న మనిషికి ఆ యాప్ అక్కరకొస్తుందా లేదా? బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరైనదాన్ని, కంప్యూటరంటే భయం లేదు. తలాతోకా లేని మెనూలంటేనే ఓపిక లేదు.

మా ఇంట్లో ఎక్కువ వాడేదీ, ఎక్కువ గొడవలు జరిగేదీ గూగుల్ ఫ్యామిలీ లింక్ మీద. పిల్లల ఫోనుని పెద్దలు తమ ఫోన్లోంచి అదుపు చేసే యాప్ ఇది. మనవడి చేతిలో ఉన్నది వాళ్ళమ్మ పాత ఆండ్రాయిడ్ ఫోను. పిల్లల దగ్గర ఆండ్రాయిడ్ ఉండాలి. పెద్దవాళ్ళ దగ్గర ఐఫోన్ ఉన్నా ఫర్వాలేదు. రోజుకి ఎంతసేపు చూడాలి, రాత్రి ఎన్నింటికి లాక్ పడాలి, ఏ ఆటకి ఎన్ని నిమిషాలు, అన్నీ పెట్టుకోవచ్చు. కొత్త గేమ్ దించుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. మా అమ్మాయి దీనికి మేనేజరు. అల్లుడికి సముద్రం మీద నెట్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. అందుకని పేరెంట్ హోదా నాకిచ్చింది. అమ్మమ్మ అన్న హోదా యాప్‌లో లేదు కాబట్టి కాగితం మీద నేనిప్పుడు పేరెంట్‌నే. ఆ పదవి బాగానే ఉంది.

టైం అయిపోయి ఫోను లాక్ పడగానే వాడు నా దగ్గరకి వస్తాడు. "అమ్మమ్మా, సైన్స్ ప్రాజెక్టు ఫొటో పంపాలి, ఒక్క పదిహేను నిమిషాలు." నా ఫోన్లో అదనపు సమయం ఇచ్చే బటన్ ఉంది, నొక్కితే చాలు. మా అమ్మాయికి ఫోన్ చేసి, మీటింగ్‌లో ఉన్న పిల్లని కదిలించే పని లేదు. నెట్ లేనప్పుడు కూడా దారుంది. పేరెంట్ యాక్సెస్ కోడ్ అని నా ఫోన్లో కొన్ని అంకెలు కనిపిస్తాయి, అవి వాడి ఫోన్లో కొడితే తెరుచుకుంటుంది. ఆ అంకెలు మారిపోతూ ఉంటాయి. వాడు నా భుజం మీంచి తొంగిచూసి బట్టీ పట్టినా లాభం లేదు.

దీని హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఇది పిల్లల మెసేజీలు చదవదు. నా మటుకు నాకు అదే మర్యాద. యూట్యూబ్ యాప్‌కి టైం పెట్టి ఊరుకుంటే సరిపోదు, అదే వీడియో బ్రౌజర్లో చూసెయ్యొచ్చు, కాబట్టి బ్రౌజర్‌ని కూడా కట్టడి చెయ్యాలి. పైగా ఇది కాపలా కాసేది పిల్లాడి అకౌంటు ఉన్న ఫోనుని. తాతగారి ఫోను తీసుకుని మేడ మీదకి పోతే దానికేం తెలుస్తుంది? మావారు ఫోనుకి లాక్ పెట్టుకోరు. "నా ఫోన్లో ఏముందమ్మా దాచుకోడానికి" అంటారు. ఈ లోపానికి గూగుల్ అప్‌డేట్ పంపలేదు.

ఇంకొకటి. ఈ యాప్‌కి ఆధారమైన గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో మేనేజర్‌తో కలిపి 6గురికే చోటు. మా ఇంట్లోవాళ్ళతోనే అది నిండిపోయింది. సంక్రాంతి సెలవులకి పిల్లలు విజయనగరం వెళ్తారు. అక్కడ వాళ్ళని చూసుకునే మా వియ్యపురాలికి ఇందులో స్థానం లేదు. అక్కడున్నన్ని రోజులూ అదనపు సమయం కోసం వాడు నాకు వీడియో కాల్ చేస్తాడు. ఆవిడ పక్కన కూర్చుని సిఫార్సు చేస్తుంది.

చిన్నదానికి యూట్యూబ్ కిడ్స్. అందులో నాలుగేళ్ళలోపు, 5 నుంచి 8, 9 నుంచి 12 అని మూడు వయసుల వర్గాలున్నాయి. వాటిని వదిలేసి "మనం ఎంచిపెట్టినవే" అన్న పద్ధతి పెట్టుకోమని నా సలహా. ఒక ఆదివారం కూర్చుని ఛానెళ్ళు ఏరి పెట్టాలి, కానీ ఆ తర్వాత ప్రశాంతంగా ఉంటుంది. టైమర్ ఉంది, టైం కాగానే తెర మూసుకుంటుంది, పిల్ల నాతో కాకుండా ఫోన్‌తో పోట్లాడుతుంది. సెట్టింగ్స్‌లోకి పిల్లలు పోకుండా అడ్డంగా ఒక గుణకారం లెక్క అడుగుతుంది. అమెరికాలో ఏమోగానీ, మన బళ్ళల్లో చదివే పిల్లలకి ఏడెనిమిదులు ఎంత అన్నది ఒక తాళమా? ఎక్కాలు వచ్చిన అన్నయ్య పక్కనుంటే అది ఉన్నా లేనట్టే. సొంత పాస్‌కోడ్ పెట్టుకునే వీలుంది, మొదటిరోజే పెట్టుకోండి.

స్కూలు బస్సు ట్రాకింగ్ యాప్ అని ఒకటి ఫీజుతో పాటే మాకు అంటగట్టారు. పేరు చెప్పను. మ్యాప్ మీద పసుపు రంగు బస్సు బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. ఆ బొమ్మ హనుమంతవాక జంక్షన్లో నిలబడి ఉంటుంది, పిల్లలు మా వీధి చివర దిగి కిళ్ళీ కొట్టు దగ్గర చెయ్యి ఊపుతూ ఉంటారు. ఇంకో రోజు బస్సు వచ్చేసిందని గంట మోగుతుంది, వెళ్ళి ఎండలో నిలబడితే వీధిలో బస్సు ఉండదు. చివరికి బస్సులో ఉండే ఆయాతో మాట్లాడుకున్నాం. మా ముందు స్టాపు దగ్గర ఆవిడ మిస్డ్ కాల్ ఇస్తుంది, నేను చెప్పులేసుకుంటాను. ఎనిమిది వందల రూపాయల కీప్యాడ్ ఫోను. ఇప్పటిదాకా తప్పలేదు.

పెద్దవాళ్ళు ఎక్కడున్నారో చూసుకోవడానికి మూడు దారులు: వాట్సాప్ లైవ్ లొకేషన్, గూగుల్ మ్యాప్స్, లైఫ్360. వీటి తేడా తేలాలంటే సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున చూడాలి. ఆషాఢంలో, పౌర్ణమి ముందురోజు మధ్యాహ్నం కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్లు నడక. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పావుగంట, గంట, ఎనిమిది గంటలు, అంతే. జనంలో పడి, ఆగి ఆగి నడిచేవాళ్ళకి ఎనిమిది గంటల్లో కొండ చుట్టి రావడం కష్టం. గడువు తీరగానే చుక్క మాయమవుతుంది, మళ్ళీ ఆన్ చెయ్యడం నడిచేవాళ్ళకి గుర్తుండదు. గూగుల్ మ్యాప్స్‌లో "ఆపేవరకూ" అని పెట్టుకోవచ్చు. మా అమ్మాయి నడిచిన రాత్రి దాని మీదే ఆధారపడ్డాం. చుక్క అప్పుఘర్ దాటగానే మావారు మజ్జిగ సీసాతో డబుల్ రోడ్డు మీదకి వెళ్ళి నిలబడ్డారు.

లైఫ్360 సంగతి: పనితనానికి వంక పెట్టను, ఎవరు ఎక్కడికి చేరారో దానంతటదే చెబుతుంది. కానీ 2021 డిసెంబరులో ద మార్కప్ అనే అమెరికా వార్తా సంస్థ, ఈ కంపెనీ కుటుంబాల లొకేషన్ డేటాని వ్యాపారులకి అమ్ముతోందని రాసింది. ఆ తర్వాత ఖచ్చితమైన లొకేషన్లు అమ్మడం ఆపేస్తామని కంపెనీ ప్రకటించింది. ఆపితే మంచిదే. అయినా పిల్లల రాకపోకలు అందులో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

క్యాలెండర్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కోజీ అనే యాప్‌లో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రంగు, చూడ్డానికి బాగుంటుంది. తెలుగు లేదు, డబ్బు కట్టకపోతే 30 రోజులకి మించి ముందుకి చూడనివ్వదు. ఫ్యామిలీ గ్రూపు ఉంటే గూగుల్ క్యాలెండర్‌లో అందరికీ కలిపి ఒకటి ఉచితంగా వస్తుంది, పరీక్షలూ టీకాలూ అందులో. తిథులూ పండగలూ మాత్రం గోడమీదున్న వెంకట్రామా క్యాలెండర్లోనే.

గూగుల్ కీప్ మాత్రం అందరూ పెట్టుకోండి. సామాన్ల జాబితా ఒకటి రాసి ఇంట్లోవాళ్ళకి పంచితే అందరి ఫోన్లలో అదే కనిపిస్తుంది. కీబోర్డులో మైకు నొక్కి ఆనపకాయ, కరివేపాకు, చిన్నదానికి గ్రాఫ్ పుస్తకం అని చెప్తే తెలుగులో పడుతుంది. మావారు రైతు బజార్లో ఒక్కొక్కటీ టిక్ కొడుతుంటే అవి కిందకి దిగిపోతాయి. కరివేపాకు పైనే ఉండిపోయిందంటే, ఆయన ఇంకా బజార్లో ఉండగానే ఫోన్ చేస్తాను.

వాట్సాప్ పేరెంటింగ్ యాప్ కాదు, అయినా మా ఇల్లు నడిచేది దాని మీదే. విజయనగరం వియ్యాలవారూ, షిప్పులో ఉన్న అల్లుడూ, అందరూ పట్టే చోటు అదొక్కటే. చిక్కల్లా ఫార్వర్డులతో. స్కూలు డైరీ ఫొటో పెడితే, దాని మీద అరగంటలో పది గులాబీలు, రెండు ఆరోగ్య చిట్కాలు వచ్చి కూర్చుంటాయి. అందుకని మా అమ్మాయి పిల్లల విషయాలకి విడిగా ఒక గ్రూపు పెట్టింది. గుడ్ మార్నింగులు పెడితే తీసేస్తామని ముందే అందరికీ చెప్పింది. ఇప్పటిదాకా తీసింది మావారినొక్కరినే.