మాగ్నలైట్ గిన్నె: పక్కింటి మామా చలవ

ముందే చెప్తున్నా, ఇది కొత్త గిన్నె రివ్యూ కాదు. అడుగున ‘వాగ్నర్ వేర్, సిడ్నీ, ఓ’ అని ముద్ర ఉన్న పాత మాగ్నలైట్ అనే మందపాటి అల్యూమినియం గిన్నె గురించి. ఓ అంటే అమెరికాలోని ఒహైయో రాష్ట్రం. నాది 8 క్వార్టులది, సుమారు 7.5 లీటర్లు పడుతుంది. పాత సామాన్ల అమ్మకంలో కొన్నాను.

మేముండేది లూసియానాలోని లాఫయెట్‌లో. పక్కింటావిడ కేజన్. 1755లో బ్రిటిష్‌వాళ్ళు నోవా స్కోషియా వైపు నుంచి వెళ్ళగొట్టిన ఫ్రెంచివాళ్ళ సంతతి. మనవలంతా ఆవిడని ‘మామా’ అనేవాళ్ళు. ఇక్కడ అమ్మమ్మని అలాగే పిలుస్తారు. మావాడికీ అదే అలవాటైంది. గంబో అంటే ఇక్కడివాళ్ళు చేసే చిక్కటి సూపు. వాడు ఫోన్లో మా అమ్మతో “మామా గంబో పెట్టింది” అంటే, “మామ పెట్టిందేమిట్రా, పెట్టాడు అనాలి” అని వాణ్ణి దిద్ది, పిల్లాడికి తెలుగు పాడైపోతోందని నాకు చీవాట్లు పెట్టింది.

ఇక గిన్నె. గంబోకి ముందు రూ చేయాలి. నూనె, మైదా సమానంగా వేసి, సన్నటి సెగ మీద ముప్పావుగంట చెయ్యి ఆపకుండా కలపడమే. తెల్లటి పిండి వేయించిన పల్లీ రంగుకి, అక్కణ్ణుంచి రాగి చెంబు రంగుకి, చివరికి చాక్లెట్ రంగుకి వస్తుంది. ఒక్క నల్ల మచ్చ కనబడిందా, పారబోసి మళ్ళీ మొదలు. నా పల్చటి స్టీలు గిన్నెలో మూడుసార్లు పారబోశాను, ప్రతిసారీ సరిగ్గా మంట పైన మాడేది. దీని గోడలు మందం, వేడి గిన్నెంతా ఒకేలా పాకుతుంది. ఉల్లి, సెలరీ, క్యాప్సికం ముక్కలు గుమ్మరించినప్పుడు చుయ్యిమంటుంది చూడండి, మామా ఆ చప్పుడు వినేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఫోన్ మోగినా తీసేది కాదు.

నిజానికి గిన్నెతో మాట్లాడేది, అదీ ఫ్రెంచిలో. 1921లో రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలంది. ఆవిడ చదువుకునే రోజుల్లో బళ్ళో ఫ్రెంచి మాట నోట్లోంచి వస్తే ‘ఇంకెప్పుడూ మాట్లాడను’ అని పేజీలకి పేజీలు రాయించేవాళ్ళట. మరి పిల్లలకెందుకు నేర్పలేదని ఒకసారి అడిగాను. గరిటె ఆపకుండానే, “వాళ్ళచేత కూడా రాయించమంటావా, షా?” అంది. షా అంటే మనం బంగారం అన్నట్టు. ఇప్పుడు ఇదే ఊళ్ళో ఫ్రెంచిలోనే పాఠాలు చెప్పే బడులున్నాయి. మునిమనవరాలు వచ్చి అంకెలు అప్పజెబితే, ఉచ్చారణకి వంకలు పెట్టేది.

మాంసం కూరకీ ఈ గిన్నే. ముక్కలు ఎర్రగా వేగి అడుగంటాలి, కాసిని నీళ్ళు చిలకరించి గీకాలి, మళ్ళీ అడుగంటనివ్వాలి. అలా నాలుగైదు సార్లు చేస్తే గ్రేవీకి రంగూ రుచీ వస్తాయి. మనింట్లో అడుగంటితే తిట్లు, ఇక్కడ అదే పనితనం. నాన్‌స్టిక్‌లో ఇది కుదరదు.

లోపాలున్నాయి. పిడులు కాలతాయి, గుడ్డ లేకుండా ముట్టుకోకండి. డిష్‌వాషర్‌లో వేస్తే నల్లబడుతుంది. ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు. అన్నిటికంటే ముఖ్యం, పులుసు పెట్టకండి. నేను చింతపండు పులుసు పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దునకి పులుసుకి లోహం వాసన, గిన్నె లోపల బూడిదరంగు మరకలు. తప్పు నాదే, అల్యూమినియానికి పులుపు పడదు. పాతది కొనేటప్పుడు బల్ల మీద పెట్టి చూడండి, ఊగితే అడుగు వంకర పోయినట్టే. ఇంకేం, ఐదుకి నాలుగున్నర.

మామా సొంత గిన్నెలు నలుగురు కూతుళ్ళకీ వెళ్ళాయి. గొడవ రాకుండా తనే బతికుండగా ఒక్కో మూత లోపల టేపు అంటించి పేర్లు రాసిపెట్టింది. చనిపోయిన మూడోరోజు వాళ్ళింటి వంటగదిలో అవే గిన్నెల్లో గంబో ఉడికింది, పక్కన బంగాళదుంప సలాడ్. నేను ప్లేట్లు కడుగుతుంటే పెద్దకూతురు వచ్చి, రూ కలిపే చెక్క గరిటె నా చేతిలో పెట్టింది. దాని అంచు ఒకవైపే ఏటవాలుగా అరిగిపోయి ఉంది, కుడిచేతివాళ్ళ అరుగుదల. నాది ఎడమచేతి వాటం. రూ వరకు మాత్రం కుడిచేత్తో కలపడం నేర్చుకుంటున్నాను.