మూడేళ్ల సువార్త పాఠాల పట్టిక: రివైజ్డ్ కామన్ లెక్షనరీ ఎంతవరకు పనికొస్తుంది?

ఆదివారం ఏ వాక్యభాగం చదవాలో శనివారం రాత్రి దాకా తేలని సంఘాలకు లెక్షనరీ, అంటే ఏ ఆదివారం ఏ బైబిలు భాగాలు చదవాలో చెప్పే పట్టిక, ఒక మందు. ప్రసంగీకుడికి నచ్చిన పది పదిహేను భాగాలే ఏడాదంతా తిరగకుండా ఇది కాపలా కాస్తుంది. మందు అన్నాక మోతాదు తెలిసి వాడాలి.

ప్రొటెస్టెంటు సంఘాల్లో ఎక్కువగా వాడే పట్టిక రివైజ్డ్ కామన్ లెక్షనరీ. 1969లో రోమన్ కతోలిక సభ తెచ్చిన మూడేళ్ల పట్టికే దీనికి మూలం. కన్సల్టేషన్ ఆన్ కామన్ టెక్స్ట్స్ అనే ఉమ్మడి వేదిక దాన్ని అన్ని సంఘాలకూ పనికొచ్చేలా మార్చి 1983లో ఒకసారి, సవరించి 1992లో మరోసారి విడుదల చేసింది. ప్రతి ఆదివారానికీ నాలుగు పాఠాలు: పాత నిబంధన, కీర్తన, పత్రిక (అపొస్తలుల లేఖ), సువార్త. పాస్కా (ఈస్టరు) కాలంలో పాత నిబంధన స్థానంలోకి అపొస్తలుల కార్యములు వస్తాయి. మూడేళ్లకూ ఏ, బి, సి అని పేర్లు: ‘ఏ’ సంవత్సరం మత్తయి, ‘బి’ మార్కు, ‘సి’ లూకా. యోహానుకు సొంత ఏడాది లేదు. శ్రమల కాలంలో, పాస్కా కాలంలో, మార్కు ఏడాదిలో ఖాళీ ఉన్నచోట సర్దారు.

ముందు లెక్క. ఆరాధనా సంవత్సరం జనవరిలో కాదు, ఆగమన కాలంలో (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలం) మొదలవుతుంది. నవంబరు 30కి దగ్గరలో ఉన్న ఆదివారం దాని మొదటి రోజు. ఆ సంవత్సరంలో ఎక్కువ భాగం ఏ క్యాలెండరు ఏడాదిలో పడుతుందో ఆ అంకెను 3తో భాగించండి. శేషం లేకపోతే సి, 1 మిగిలితే ఏ, 2 మిగిలితే బి. 2026 ఏ, 2027 బి. అయితే 2026 నవంబరు 29 నుంచే బి మొదలైపోతుంది. పాత ఏడాది కాగితం చూసి డిసెంబరంతా మత్తయి చదివేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

రెండో చిక్కు పెంతెకొస్తు (ఈస్టరు తర్వాత ఏడో ఆదివారం) తర్వాత. ఆ ఆదివారాలకు పాఠాలను నిర్ణయించేది పెంతెకొస్తు నుంచి లెక్కపెట్టిన వారం కాదు, తేదీ. తేదీని బట్టి పెట్టిన ఆ గుర్తును ప్రాపర్ అంటారు. జూలై 10 నుంచి 16 లోపు వచ్చే ఆదివారం ప్రాపర్ 10. ‘ఏ’ సంవత్సరంలో ఆ రోజు విత్తువాని ఉపమానం. 2026లో అది జూలై 12, పెంతెకొస్తు తర్వాత ఏడో ఆదివారం. 2029లో జూలై 15, ఎనిమిదో ఆదివారం. పాఠం మాత్రం అదే. 2026 కాగితంలో వారాల సంఖ్య పట్టుకుని వెతికితే 2029 జూలై 15న విత్తువాడికి బదులు గురుగుల ఉపమానం వచ్చేస్తుంది. కతోలిక పట్టికతో పోల్చుకోవాలంటే ప్రాపర్ అంకెకు 5 కలపండి: ప్రాపర్ 10 అంటే వాళ్ల సామాన్య కాలపు 15వ ఆదివారం. (విత్తనాల ఉపమానాలు జూలైలో రావడం తెలుగు నేల మీద కలిసొచ్చిన అదృష్టం. వెద పద్ధతిలో చల్లే రైతుకు రాతి నేల, ముళ్లపొదలు ఎవరూ వివరించనక్కర్లేదు.)

అన్నిటికంటే ఎక్కువ ప్రసంగాలను పాడు చేసేది రెండు వరసల సంగతి. పెంతెకొస్తు తర్వాత పాత నిబంధనకు రెండు దారులు ఇస్తారు. ఒకటి సువార్తకు జతగా ఎంచినది. రెండోది సువార్తతో సంబంధం లేకుండా ఒక కథను వారం వారం కొనసాగించేది. ఇది తెలియక రెండో వరస తీసుకుని, నాలుగు పాఠాలకూ ఒకే అంశం ముడిపెట్టాలని చూస్తే ప్రసంగం తాళ్లు పేనినట్టు తయారవుతుంది. 2027 జూలై 25నే చూడండి. సువార్త యోహాను 6:1-21, అయిదు రొట్టెలు. కొనసాగింపు వరసలో దావీదు, బత్షెబ. ఈ రెంటికీ పొత్తు కలపబోతే వచ్చేది పిట్టకథే. ఏదో ఒకటి ఎంచుకోండి, ఎంచుకున్న వరసను నవంబరు దాకా మార్చకండి.

ఆ జూలై 25 నుంచి ఆగస్టు 22 వరకు వరసగా అయిదు వారాలు యోహాను ఆరో అధ్యాయమే. పాస్టర్లను బాగా భయపెట్టే భాగం ఇది, ఎందుకంటే రెండో వారానికే జీవాహారం గురించి చెప్పాల్సింది అయిపోతుంది. జత వరస తీసుకుంటే గండం గడుస్తుంది. మొదటి వారం సూచకక్రియ (రొట్టెల అద్భుతం) మీదే ఉండండి, జీవాహారం జోలికి పోవద్దు. రెండో వారం నిర్గమకాండము 16 తోడుంటుంది, మన్నా చెప్పండి. మూడో వారం బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయాకు రొట్టె. అదే రోజు సువార్తలో జనం సణుగుతారు, అలసటా సణుగుడూ పక్కపక్కన పెట్టవచ్చు. నాలుగో వారం, ఆగస్టు 15, శరీరం తిని రక్తం తాగే మాట. స్వాతంత్ర్య దినం హడావిడిలో ఆ కఠినమైన మాట నలిగిపోకుండా ప్రభు బల్ల ఆ రోజే పెట్టుకోవడం మేలు. అయిదో వారం యెహోషువ 24తో కలిపి, మీరు కూడా వెళ్లిపోతారా అన్న ప్రశ్న.

ఇక కోతలు. పట్టికలో మత్తయి 11:16-19, 25-30 అని కామా కనిపిస్తే అక్కడ ఆగి, వదిలేసినది చదవాలి. ఈ మత్తయి భాగంలో పోయినవి కొరాజీనా, బేత్సయిదా, కపెర్నహూములకు చెప్పిన అయ్యోలు. పెంతెకొస్తు నాటి 104వ కీర్తనలో చివరి వచనం సగమే ఉంటుంది; పాపులు లయం కావాలన్న మొదటి సగం తీసేశారు. మార్కు 6:30-34, 53-56లో రొట్టెల అద్భుతం మాయమైంది, కానీ దానికి న్యాయమైన కారణం ఉంది: మరుసటి వారం యోహానులో అదే వస్తుంది. మిగతా చోట్ల మాత్రం తీర్పు మాటలంటే పట్టికకు కాస్త జంకు ఉన్నట్టే కనిపిస్తుంది. కోసిన వచనాలను కలిపి చదివితే రెండు నిమిషాలు కూడా పట్టదు. న్యాయాధిపతులు గ్రంథం మూడేళ్లలో ఆదివారం ఒక్కసారే వినిపిస్తుంది, అదీ దెబోరా కథలో ఏడు వచనాలు. సమ్సోను, గిద్యోను కావాలంటే బైబిలు స్టడీలో పెట్టుకోవాల్సిందే.

మన సంఘాల్లో ఈ పట్టిక గట్టిగా తగువుపడేది డిసెంబరులో. ఆగమన కాలం మొదటి ఆదివారం బి సంవత్సరపు సువార్త మార్కు 13: సూర్యుడు చీకటవడం, మెలకువగా ఉండమనడం. రెండో వారం బాప్తిస్మమిచ్చు యోహాను. మరియకు దూత కనిపించేది నాలుగో వారం. ఈలోపు ఊళ్లో సెమీ క్రిస్మస్‌లు మొదలై పశువుల తొట్టి నాలుగైదుసార్లు అయిపోతుంది. సాయంత్రం కూటాలకు జనన వృత్తాంతం వదిలేసి, ఆదివారం ఉదయం ఆరాధనలో పట్టికను పాటించడం నడిచే పద్ధతి.

శ్రమల కాలంలో ‘ఏ’ సంవత్సరం చాలా బలమైనది: నీకొదేము, సమరయ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, లాజరు. పొడవే ఇబ్బంది. యోహాను 9లో 41 వచనాలు ఒకే గొంతుతో చదివితే వెనక బెంచీలు చేజారిపోతాయి. వ్యాఖ్యాత, యేసు, గుడ్డివాడు, పరిసయ్యులు, తల్లిదండ్రులు అని పంచి, ముందురోజు ఒకసారి మైకు దగ్గర చదివించండి. మట్టల ఆదివారానికి ఇచ్చిన మత్తయి 26:14-27:66 అయితే 128 వచనాలు. 27:11-54 అనే చిన్న రూపం కూడా పట్టికలోనే ఉంది.

గుడ్ ఫ్రైడేకు మాత్రం ఇది మనకు సరిపోదు. ప్రతి ఏడూ యోహాను 18, 19 అధ్యాయాలే ఇస్తుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనకు అందులో దొరికేవి మూడే. మరో మూడు లూకావి, మిగిలిన ఒకటి మత్తయి, మార్కులది. ఏడుగురు ప్రసంగీకులకు భాగాలు పంచేటప్పుడు లెక్షనరీ పక్కన పెట్టండి.

పాఠాలన్నీ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు డివినిటీ లైబ్రరీ వెబ్‌సైటులో ప్రార్థనలు, చిత్రాలతో సహా ఉచితంగా దొరుకుతాయి. తెలుగులో మాత్రం లేవు. రెఫరెన్సులు తీసుకుని తెలుగు బైబిలు తెరవాలి. వచనం అంకె పక్కన ఏ, బి అని ఉంటే సగం వచనమని అర్థం. ఇంగ్లీషులో వాక్యం మధ్య కోసినచోట తెలుగులో క్రియ చివర పడుతుంది కనుక అంకెను నమ్మక, అర్థం చూసి కోయాలి, లేదా వచనం మొత్తం చదివేయాలి. బారూకు, సొలొమోను జ్ఞానము వంటివి కనిపిస్తే కంగారు వద్దు. 66 పుస్తకాల బైబిలు వాడేవారికి పక్కనే ప్రత్యామ్నాయం ఉంటుంది, బారూకు 5కు బదులు మలాకీ 3 అన్నట్టు.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలకు వారానికో అంశంతో సొంత ఆల్మనాక్ (ఏటా వచ్చే పాఠాల క్యాలెండరు) ఉంది కాబట్టి ఆదివారానికి ఇది అక్కర్లేదు. వాళ్లకు పనికొచ్చేది దీని రోజువారీ పట్టిక. గురువారం నుంచి శనివారం వరకు రాబోయే ఆదివారానికి సిద్ధపరిచే భాగాలు, సోమవారం నుంచి బుధవారం వరకు విన్నదాన్ని నెమరేసే భాగాలు. కుటుంబ ప్రార్థనకు రోజుకు ఒక్క భాగం పెట్టుకుని మొదలుపెడితే చాలు. అన్నీ చదవాలని కూర్చుంటే రెండో వారానికే ఆగిపోతుంది.