కొత్తగా స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నవాళ్లు జాగ్రత్త: డబ్బా మీద పేరు లేని క్లోరిన్ కొనకండి

విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు వైపు ఇంట్లోనో తోటలోనో కొత్తగా పూల్ కట్టించుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మెయింటెనెన్స్ చూస్తామని వచ్చేవాళ్లు తెల్ల డబ్బాలు తెచ్చిపెట్టి "ఇది క్లోరిన్ అండీ, రోజూ వేయించండి చాలు" అంటారు. ఆ డబ్బా మీద మందు పేరు, కంపెనీ పేరు, తయారీ నెల లేకపోతే దాన్ని గేటు దాటి లోపలికి రానివ్వకండి. మాకు డబ్బు నష్టం జరిగింది. అది ఎలాగో సర్దుకుంటాం. మా దగ్గర పనిచేసే బాబాయికి ఊపిరి ఆడక దగ్గు ఆగని పరిస్థితి వచ్చింది, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మాది తాడేపల్లి వైపు. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, ఒక చివర 3 అడుగులు, రెండో చివర 6 అడుగుల లోతు. సంక్రాంతికి నీళ్లు నింపాం. విజయవాడ డీలర్ ఒకాయన ఏడాదికి మెయింటెనెన్స్ మాట్లాడుకున్నాడు. కెమికల్స్ కూడా ఆయనే ఇస్తానన్నాడు. మొదటిరోజే పూల్‌లో 49 వేల లీటర్లు ఉంటాయని లెక్క చెప్పి, ప్రతి మందూ ఆ లెక్కకే ఇచ్చాడు. ఆయన మొత్తం పూల్‌కి 6 అడుగుల లోతు పట్టాడు. లోతు సగటు తీసుకోవాలి, మాకైతే నాలుగున్నర అడుగులు. పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మా పూల్‌కి దాదాపు 37 వేలు. అంటే ప్రతిసారీ మూడో వంతు ఎక్కువ మందు అమ్మాడు. మీ పూల్ లెక్క మీరే ఒకసారి వేసి, పంపు రూమ్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. లీటర్ల లెక్క తప్పితే తర్వాత వేసే ఏ డోసూ సరిగ్గా ఉండదు.

మొదటి నెలలు నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఎండలు ముదిరేసరికి పచ్చబడటం మొదలైంది. మెట్ల మీద, మూలల్లో పాచి. ఫోన్ చేస్తే "మందు సరిపోవట్లేదు మేడం, షాక్ ఇవ్వాలి" అని ఇంకో డబ్బా. షాక్ అంటే ఒకేసారి ఎక్కువ క్లోరిన్ వేయడం. రెండు రోజులు తేటగా ఉండి మళ్లీ పచ్చగా అయ్యేవి. మళ్లీ షాక్. మధ్యలో పాచి మందని నీలం రంగు ద్రవం ఒకటి, తేటబరిచే మందని ఇంకొకటి. వచ్చినప్పుడల్లా రెండు గొట్టాల చిన్న కిట్ తీసి చూపించేవాడు. ఒకదాంట్లో పసుపు, అది క్లోరిన్‌కి. ఒకదాంట్లో ఎరుపు, అది పీహెచ్‌కి, అంటే నీళ్లలో ఆమ్ల గుణం ఎంతో చెప్పే అంకెకి. "చూడండి మేడం, క్లోరిన్ ఫుల్లుగా ఉంది, పీహెచ్ 7.4, నీళ్లు పర్‌ఫెక్ట్" అనేవాడు. కళ్ల ముందు నీళ్లు పచ్చగా ఉన్నాయి, పిల్లలు కళ్లు ఎర్రబడి వస్తున్నారు, ఆయన కిట్‌లో మాత్రం అంతా బ్రహ్మాండం.

ఆ కిట్ కొలవనిది ఇంకొకటి ఉంది. దాని గురించి ఆయన ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అది స్టెబిలైజర్, అసలు పేరు సయనూరిక్ యాసిడ్.

ఎండ తగిలితే నీళ్లలోని క్లోరిన్ గంటల్లోనే విరిగిపోతుంది. స్టెబిలైజర్ దాన్ని పట్టుకుని కాపాడుతుంది. మన ఎండలకు అది కావాలి, కానీ 30 నుంచి 50 పీపీఎం దాకానే. పీపీఎం అంటే లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందనే లెక్క. అంతకు మించి పెరిగేకొద్దీ క్లోరిన్‌ని గట్టిగా పట్టేసుకుని పాచి మీద పనిచేయనివ్వదు. కిట్‌లో క్లోరిన్ కనిపిస్తూనే ఉంటుంది, నీళ్లు పచ్చబడుతూనే ఉంటాయి. స్టెబిలైజర్ అంకెలో కనీసం 7.5 శాతం క్లోరిన్ ఉంటేనే పాచి ఆగుతుందని పూల్ చూసుకునేవాళ్లు ఒక లెక్క వాడతారు. స్టెబిలైజర్ 40 ఉంటే 3 పీపీఎం క్లోరిన్ చాలు. 180 ఉంటే 13కి పైగా కావాలి. అంత క్లోరిన్‌లో పిల్లల్ని దింపలేం.

ఈ స్టెబిలైజర్ ఎక్కడినుంచి వచ్చిందంటే, ఆయన ఇచ్చిన బిళ్లల్లోంచే. అవి ట్రైక్లోర్ బిళ్లలు. కంపెనీ డబ్బాల మీద టీసీసీఏ 90 అని రాసి ఉంటుంది. ఈ మందులో క్లోరిన్, స్టెబిలైజర్ రెండూ కలిసే ఉంటాయి. నీళ్లలో 10 పీపీఎం క్లోరిన్ చేర్చేసరికి దాదాపు 6 పీపీఎం స్టెబిలైజర్ కూడా చేరుతుంది. క్లోరిన్ ఖర్చైపోతుంది, స్టెబిలైజర్ అలాగే ఉండిపోతుంది. మా 37 వేల లీటర్ల పూల్‌లో 200 గ్రాముల బిళ్ల ఒక్కటి కరిగితే 3 పీపీఎం. రెండు రోజులకొకటి చొప్పున వేస్తే నెలకు 45. నాలుగు నెలలకు ఎంతవుతుందో మీరే చూడండి. నీళ్లు ఆవిరైతే అది పోదు, తగ్గిన మేరకు బోరు నీళ్లతో నింపినా పోదు. నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పోయడమే దారి. "షాక్" అని ఇచ్చింది ఏమిటని గట్టిగా అడిగితే "అదీ ట్రైక్లోరే మేడం, పొడి రూపం" అన్నాడు. అంటే రోగం తెచ్చిన మందునే రోగానికి మందని మళ్లీ మళ్లీ అమ్మాడు.

చుక్కలు వేసి చూసే మంచి కిట్ హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాం. స్టెబిలైజర్ పరీక్షలో నీళ్లూ మందూ కలిపితే గొట్టంలో తెల్లటి మసక వస్తుంది, అడుగున ఉన్న నల్ల చుక్క ఎక్కడ కనబడకుండా పోతుందో అక్కడి అంకె చూడాలి. మా నీళ్లకు కొద్దిగా పోయగానే చుక్క మాయమైంది, స్కేల్ దాటిపోయింది. పూల్ నీళ్లలో సగానికి సగం మామూలు నీళ్లు కలిపి మళ్లీ చేస్తే 90 దగ్గర ఆగింది. అంటే అసలు అంకె 180.

ఇక అన్నిటికన్నా భయపెట్టిన విషయం. మే నెలలో బిళ్లలు అయిపోయాయంటే ఆ డీలర్ మనిషి ఇంకో డబ్బా ఇచ్చి వెళ్లాడు. అదే తెల్ల డబ్బా, అదే మూత, మీద ఏమీ లేదు. లోపల మాత్రం తెల్ల గుళికలు. "ఫ్లోటర్‌లోనే వేసేయండి" అని బాబాయికి చెప్పి వెళ్లిపోయాడు. ఫ్లోటర్ అంటే బిళ్లలు వేసి పూల్‌లో తేలేలా వదిలే చిన్న డబ్బా. అది కాల్షియం హైపోక్లోరైట్ అని మాకు తర్వాత తెలిసింది. ఫ్లోటర్‌లో అప్పటికే కరగగా మిగిలిన ట్రైక్లోర్ ముక్కలున్నాయి, తడిగా. బాబాయి గుళికలు వేశాడో లేదో బుసబుసమని పొగ, ఘాటు వాసన. ఆయన దాన్ని దూరంగా విసిరేసి బయటికి పరిగెత్తాడు కాబట్టి సరిపోయింది. సాయంత్రం దాకా దగ్గు తగ్గలేదు, ఆసుపత్రిలో చూపించాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

ట్రైక్లోర్, కాల్షియం హైపోక్లోరైట్ రెండూ క్లోరిన్ మందులే, రెండూ తెల్లగానే ఉంటాయి. కానీ రెండూ కలిస్తే, అందులోనూ తడి తగిలితే, మంటలు లేవచ్చు, పేలిపోవచ్చు, విష వాయువు రావచ్చు. ఒకదాంట్లో ముంచిన మగ్గు రెండోదాంట్లో ముంచినా ప్రమాదమే. యాసిడ్ సీసా వీటి పక్కన ఉంచకూడదు. యాసిడ్‌తో ఏ క్లోరిన్ మందు కలిసినా క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఈ సంగతి అమ్మేవాళ్లకు తెలియదని నేను అనుకోను. డబ్బా మీద పేరుంటే బాబాయి ఆ రెండూ కలిపేవాడే కాదు. ఆయన తెలుగు చక్కగా చదువుతాడు. పూల్ యజమానులు ఎవరూ చేత్తో మందు వేయరు, వేసేది మన దగ్గర పనిచేసేవాళ్లు. వాళ్ల ప్రాణం మీదికి తెచ్చే పని ఇది. దీన్ని మామూలు వ్యాపార లోపంలా చూడలేకపోతున్నాను.

తర్వాత ఆ డీలర్ ఇచ్చిన సలహా కూడా చెప్పాలి. "మొత్తం ఖాళీ చేసేయండి మేడం, ఒక్క రోజులో అయిపోతుంది" అన్నాడు. కృష్ణకు దగ్గరగా ఉన్న తాడేపల్లి, ఉండవల్లి లాంటి చోట్ల వానాకాలంలో భూమిలో నీళ్లు బాగా పైకి ఉంటాయి. లోపల నీటి బరువు లేకపోతే కింద నుంచి ఆ ఒత్తిడికి పూల్ అడుగు పగలొచ్చు, తేలిక నిర్మాణమైతే మొత్తం పైకి లేవొచ్చు. కట్టిన ఇంజనీరుని అడగకుండా పూర్తిగా ఖాళీ చేయించకండి. మేము కొంచెం తీయడం, నింపడం, మళ్లీ తీయడం చేస్తూ 40కి దగ్గరగా తెచ్చాం. ట్యాంకర్ల ఖర్చు మొత్తం మీ మీదే పడుతుంది, ఎవరూ ఇవ్వరు.

ఇప్పుడు మేము వాడుతున్నది లిక్విడ్ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్. ఇది స్టెబిలైజర్ పెంచదు, కాల్షియం పెంచదు. మా బోరు నీళ్లలో హార్డ్‌నెస్, అంటే కరిగి ఉన్న కాల్షియం లాంటి లవణాలు, ముందే 500 పీపీఎం దాటి ఉంది. పూల్‌కి 200 నుంచి 400 మధ్య ఉంటే మంచిది. కాల్షియం హైపోక్లోరైట్‌తో ఇంకా పెంచుకుంటే టైల్స్ మీద తెల్ల పొర కడుతుంది. బ్లీచింగ్ పౌడర్ చౌక అని కొందరు వేయిస్తారు, దాంట్లో సున్నం ఎక్కువ, అడుగున బురదలా పేరుకుంటుంది. లిక్విడ్‌లో 10 శాతం రకమైతే మా పూల్‌లో 1 పీపీఎం పెరగడానికి దాదాపు 370 మిల్లీలీటర్లు పడుతుంది. దాని లోపం ఒక్కటే, మన వేడికి క్యాన్‌లోనే బలం తగ్గిపోతుంది. అందుకని నెలలకు సరిపడా కొనకండి. తాజాది కొంచెం కొంచెం తెచ్చుకుని నీడలో పెట్టుకోండి, సాయంత్రం పూట వేయించండి. పీహెచ్ 7.2 నుంచి 7.8, ఆల్కలినిటీ (పీహెచ్ ఊగిపోకుండా ఆపే గుణం) 80 నుంచి 120 పీపీఎం మధ్య చూసుకోండి.

ట్రైక్లోర్ చెడ్డ మందని నేను అనడం లేదు. ఊరెళ్లినప్పుడు వారం పది రోజులు వాడుకోవడానికి బాగుంటుంది. ఏ మందు వేస్తున్నారో చెప్పి, నెలకోసారైనా స్టెబిలైజర్ కొలిచి చూపించే మనిషి దగ్గర కొనుక్కోండి. మీ మెయింటెనెన్స్ వాళ్లని ఈ వారమే అడగండి: "మా స్టెబిలైజర్ ఎంతుంది?" అంకె చెప్పలేక "అదేం అక్కర్లేదండీ" అన్నారంటే వేరే మనిషిని చూసుకోండి. పసుపు రంగు కిట్ ఒక్కటే తెచ్చేవాళ్లనీ నమ్మకండి. అది పనిచేసే క్లోరిన్‌ని, పనైపోయి కళ్లు మండించే క్లోరిన్‌ని కలిపే చూపిస్తుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కావాలి.

బిల్లు విషయం. మాకిచ్చిన బిల్లుల మీద "పూల్ కెమికల్స్" అని మాత్రమే ఉంది, ఏ మందో ఎన్ని కిలోలో లేదు. డబ్బులు తిరిగి ఇమ్మంటే "మీరే ఎక్కువ వేయించారు" అని ఎదురు మాట్లాడాడు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు చిరునామా, బరువు, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు ఇచ్చాం, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసులకు ఫీజు ఉండదు. డబ్బాల ఫొటోలు, బిల్లులు, వాట్సాప్ మెసేజ్‌లు తీసేయకుండా ఉంచుకోండి.

మీ దగ్గర ఇప్పటికే పేరు లేని డబ్బాలుంటే వాటిని ఒకదాంట్లో ఒకటి పోసి సర్దకండి, నీళ్లు పోసి కడగకండి, కాలువలో పారబోయకండి. మూతలు పెట్టి, ఒకదానికొకటి దూరంగా, తడి తగలని గాలి ఆడే చోట పెట్టించి, ఇచ్చినవాళ్లనే తీసుకెళ్లమని రాతపూర్వకంగా అడగండి. పంపు రూమ్‌లోకి వెళ్లే పనివాళ్లకు ఈ రోజే చెప్పండి, ఎవరు చెప్పినా ఆ డబ్బాలు తెరవొద్దని.